బండిని పెట్టెలో పెట్టాలి

మోటర్‌సైకిల్ మనం ఎక్కడానికి పుట్టిందన్నది పాతకాలపు అపోహ. దాన్ని మనం ఇంకొకదానిలోకి ఎక్కించాలి. అందుకే పుట్టింది.

ఈ మాట వినగానే కొందరు పాఠకులు కనుబొమలు ఎగరేస్తారని తెలుసు. వాళ్ళింకా ఇంటి ముందు బండి స్టార్ట్ చేసి, వీధి చివరికి వెళ్ళి, కూరగాయలు తెచ్చుకునే దశలోనే ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. నాగరికత అందరికీ ఒకే రోజు అందదు కదా!

నేను చెబుతున్నది మూసిన ట్రైలర్ గురించి. కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోయే గది అది. నాలుగు గోడలు, పైకప్పు, వెనక కిందికి వాలే తలుపు. ఆ తలుపు నేలకి ఆనితే అదే ర్యాంపు. ర్యాంపు మీదుగా బండిని లోపలికి నెట్టి, పట్టీలతో బిగించి, తలుపు మూసి, మనం హాయిగా కారెక్కి వెళ్ళడమే. మా ఇంట్లో దీన్ని పెట్టె అంటాం. దీనికి కిటికీ లేదు. కిటికీ ఉంటే బండికి రోడ్డు కనిపిస్తుంది. కనిపిస్తే లేనిపోని ఆలోచనలు వస్తాయి.

మా పెట్టెలో రెండు బళ్ళు పడతాయి. ఒకటి నా మోటర్‌సైకిల్. రెండోది మా ఆవిడ ట్రైక్. అంటే ముందు ఒక చక్రం, వెనక రెండు చక్రాలు ఉన్న మోటర్‌సైకిల్. మా ఆవిడ హైస్కూల్లో వ్యాయామం టీచరు. పిల్లల్ని పరిగెత్తించడానికి ముందు తను పరిగెత్తి, గెంతించడానికి ముందు తను గెంతి, రెండు మోకాళ్ళూ అరగదీసుకుంది. సిగ్నల్ దగ్గర కాలు ఆనించి మామూలు బండి బరువు ఆపలేదు. అందుకని ట్రైక్ కొనుక్కుంది. ఆగినా పడదు. దాన్ని చూసి ఎవరైనా "ఆటోనా?" అన్నారో, గ్రౌండు చుట్టూ పరిగెత్తమని శిక్ష వేసేట్టు చూస్తుంది.

ఈ పెట్టెని మాకు ప్రసాదించిన మహానుభావుడు మా బావమరిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇన్సూరెన్స్ సర్వేయర్. గుద్దుకున్న బళ్ళని చూసి రిపోర్టు రాయడం అతని వృత్తి. ఉద్యోగంలో చేరింది మొదలు నుజ్జయిన బళ్ళు తప్ప చూడనివాడికి, రోడ్డు మీద పోతున్న బండి ఎలా కనిపిస్తుంది? ఇంకా నుజ్జవని బండిలా కనిపిస్తుంది!

అక్క ట్రైక్ కొన్న రోజు మేమందరం బాగుందన్నాం. అతను మాత్రం దాని చుట్టూ ఓసారి తిరిగి, "ఎడమవైపు నుంచి లారీ కొడితే ఈ మడ్‌గార్డు పోతుందక్కా" అన్నాడు. నెల తిరక్కుండా పెట్టె తెచ్చి వాకిట్లో పెట్టాడు. ప్రేమకి ఎన్నో రూపాలు. కొందరు పూలు తెస్తారు.

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అన్నారు పెద్దలు. బండిని కట్టిపడేసి ఊరేగించే రోజు వస్తుందని పాపం వాళ్ళకి తోచలేదు.

పెట్టె వల్ల మొదటి లాభం మనసుకి. మనిషికి ప్రయాణం మీద ప్రేమ ఉందనుకోవడం పొరపాటు. అతని ప్రేమంతా బయలుదేరబోతున్నానన్న ఊహ మీద. నిజంగా బయలుదేరితే ఏమవుతుంది? రోడ్డు వస్తుంది. ఎండ వస్తుంది. మనం అనుకున్నంత ధైర్యవంతులం కామని మూడో మలుపులో తెలిసిపోతుంది. ఎక్కిస్తూ ఉన్నంతసేపూ ఆ బెడద లేదు.

కోరిక తీర్చుకుంటే అయిపోతుంది. చంపుకుంటే కలలోకి వస్తుంది. పట్టీలు వేసి కట్టి వెంట తిప్పుకుంటే రెండు బాధలూ ఉండవు. యాభై దాటేసరికి మనలో చాలామందిమి లోపల ఇలాంటి పెట్టె ఒకటి కట్టుకునే ఉంటాం. మా బావమరిది చేసిందల్లా దానికి చక్రాలు పెట్టడం.

రెండో లాభం టైర్లకి. కొత్త టైరు మీద సన్నటి రబ్బరు వెంట్రుకలు ఉంటాయి చూశారా? నాలుగు రోజులు తిరిగితే రాలిపోతాయి. నా బండి టైర్లకి ఇంకా రాలలేదు. పుట్టువెంట్రుకలు! పెట్టె టైర్లు మాత్రం ఇప్పటికి రెండుసార్లు మార్చాం.

ఇక సమాజానికి కలిగే లాభం. మా రైడర్స్ క్లబ్బులో ఇప్పుడు అందరికీ పెట్టెలు ఉన్నాయి. ఒక డెంటిస్టుగారు పెట్రోలు పోయించడానికి కూడా బండిని పెట్టెలోనే బంకుకి తీసుకెళ్తారు. "ఖాళీ ట్యాంకుతో రోడ్డెక్కడం ఎంత ప్రమాదం!" అంటారు. ఇంకొకాయన బండిని కడిగించడానికి పెట్టెలో తీసుకెళ్ళి, దుమ్ము పడకుండా మళ్ళీ పెట్టెలోనే తెచ్చుకుంటారు. అసలు దుమ్మెలా పడిందని అడిగితే, పెట్టెలో పడిందంటారు. ఈమధ్య క్లబ్బు రైడ్‌కి అందరం వరసగా వెళ్తుంటే, రోడ్డు పక్క నిలబడ్డ జనం ఏదో కాలనీ మొత్తం ఇళ్ళు ఖాళీ చేసి పోతోందనుకున్నారు. ఒకావిడ జాలిగా చెయ్యి ఊపింది. మేమూ ఊపాం.

అసలు గొప్పతనం ఎక్కించడంలో ఉంది. అది కుటుంబ కళ. ఒక్కడి వల్ల కాదు. నేను బండిని నెడతాను. బావమరిది ముందుండి సైగలు చేస్తాడు. మా అత్తగారు వాకిట్లో కుర్చీ వేసుకుని పర్యవేక్షిస్తారు.

"కుడికి బావా, కుడికి!"

"ఎవరి కుడి?"

"నీ కుడి కాదు, నా కుడి కాదు, బండి కుడి!"

"కుడో ఎడమో, ఆ పూలకుండీ తగలనీకండి బాబూ" అంటారు అత్తగారు. "కిందటిసారి కూడా ఇలాగే కుడి కుడి అని దాన్నే గుద్దారు."

ముందు మోటర్‌సైకిల్ ఎక్కుతుంది. దాని ముందు చక్రాన్ని పెట్టె ముందు గోడ దగ్గరున్న ఇనప గూట్లో ఇరికించి, నాలుగు వైపుల నుంచీ పట్టీలు లాగి బిగిస్తాడు బావమరిది. బిగించి, మళ్ళీ బిగించి, బండి కుంగి మోకాళ్ళ మీద కూర్చున్నట్టయ్యాక అప్పుడు తృప్తిగా నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు విన్నప్పుడల్లా నాకొకటి అర్థమవుతుంది. ఈ ప్రపంచంలో ఒక్క వస్తువైనా కదలదని చేత్తో తడిమి తెలుసుకోవడం కంటే మించిన నిద్రమాత్ర లేదు.

తర్వాత ట్రైక్. దీని దగ్గర ఒక చిన్న విషయం చెప్పాలి. పెట్టె కొనేముందు మా బావమరిది టేపు పెట్టి ట్రైక్ వెడల్పు కొలిచాడు. పెట్టె వెడల్పు కొలిచాడు. అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు ఖాళీ. "కొలత అంటే ఇలా ఉండాలి బావా!" అన్నాడు. మొదటిసారి తనే దర్జాగా నడుపుతూ లోపలికి ఎక్కించాడు. ఆపాడు. తాళం తీశాడు. అప్పుడు తెలిసింది, బండి పట్టే చోటు కొలిచాడు గానీ, దాని మీద నుంచి మనిషి దిగి బయటికి రావాలన్న సంగతి కొలవలేదని!

వెనక చక్రాలు రెండు గోడలనీ మూసేశాయి. ముందుకి వెళ్దామంటే నా బండి. పక్క తలుపు ఉన్న పెట్టెలు కూడా దొరుకుతాయి గానీ, పక్క తలుపుంటే గోడ బలం తగ్గుతుందని అతనే వద్దన్నాడు. చివరికి సీటు మీద బోర్లా పడుకుని వెనక్కి పాకుతూ వస్తుంటే, కాళ్ళు పట్టుకుని లాగాం. బయటికొచ్చి దులుపుకుని, "కొలత మాత్రం కరెక్టే" అన్నాడు.

అప్పటినుంచి ట్రైక్‌ని ఎవరూ నడపం. లోపల ఒక వించ్ పెట్టించాడు. తీగతో బండిని లోపలికి లాక్కునే చిన్న మోటారది. మనిషి ఎక్కనక్కర్లేదు. మీట నొక్కితే ట్రైక్ తనంతట తానే నెమ్మదిగా చీకట్లోకి వెళ్ళిపోతుంది. దాని వెనకే మా ఆవిడ హెల్మెట్ చేత్తో పట్టుకుని ర్యాంపు దాకా నడిచి, అక్కడ ఆగిపోతుంది. ఎవరినో రైలెక్కించడానికి వచ్చినట్టు ఉంటుంది ఆవిడ నిలబడే తీరు.

ఆవిడకి ఒక్క కోరిక. మా ఊరి బయట ఒక కొండదారి ఉంది. మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది. పైన క్లబ్బు వాళ్ళు కలుసుకునే చోటు. ట్రైక్ కొన్నదే ఆ దారిలో తను నడుపుకుంటూ వెళ్ళాలని. ఆ కొండ మీదికి ట్రైక్ ఎన్నోసార్లు వెళ్ళింది. పెట్టెలో వెళ్ళింది. పైన దింపాం, ఫొటోలు తీశాం, మళ్ళీ ఎక్కించాం. ఆవిడ కారు వెనక సీట్లో కూర్చుని ఆ మలుపులన్నీ తమ్ముడి భుజం మీదుగా చూసింది.

ఇప్పుడు మోకాళ్ళకి ఆపరేషన్ ఖాయమైంది. ఆ తర్వాత ఆరునెలలు బండి ముట్టకూడదన్నాడు డాక్టరు. ఆ తర్వాతైనా ఎలా ఉంటుందో అప్పుడే చెప్పలేనన్నాడు.

"ఒక్కసారి నడుపుకుంటూ వెళ్తానురా" అంది తమ్ముడితో.

"ఆపరేషన్ ముందు రిస్కెందుకక్కా?"

"ఆపరేషన్ తర్వాత వెళ్ళనా?"

"అప్పుడసలు వద్దు. కొత్త మోకాళ్ళు!"

చూశారా! ఎంత పకడ్బందీ వాదన! ముందు పాతవి కాబట్టి వద్దు, తర్వాత కొత్తవి కాబట్టి వద్దు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పట్టీలు చుడుతున్నాను. చుట్టాల్సిన పట్టీలు ఎప్పుడూ ఉంటాయి. పెట్టె వల్ల ఇదింకో లాభం.

గడిచిన ఆదివారం పొద్దున్న యథాప్రకారం పెట్టెని కారుకి తగిలించి, ఇంటి ముందు వీధి వారగా నిలిపి, వెనక ర్యాంపు దించాం. నా బండి ఎక్కింది. నేను పెట్టె ముందు మూల దాని చక్రం దగ్గర చతికిలబడి ఆఖరి కొండీ తగిలిస్తున్నాను. బావమరిది మీట నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు.

"వించ్ చచ్చింది బావా. లోపల లైటు ఆర్పలేదు, బ్యాటరీ అయిపోయింది."

"ఎందుకు ఆర్పలేదు?"

"లైటుంటే లోపల ఎవరో ఉన్నారని దొంగలు భయపడతారుగా!"

"మూసిన పెట్టెలో లైటు దొంగకెలా కనిపిస్తుందిరా?" అన్నారు కుర్చీలోంచి అత్తగారు.

ఇక ఎవరో ఒకరు ట్రైక్ నడిపి ఎక్కించాలి. దిగేటప్పుడు కాళ్ళు పట్టి లాగడం ఎలాగూ అలవాటే. "నువ్వు వస్తే ఆ కొండీ ఎవరు పెడతారు? నేనెక్కితే సైగలు ఎవరు చేస్తారు?" అన్నాడు బావమరిది. సైగ లేని చోట అతని దృష్టిలో రోడ్డే లేదు.

"నేనున్నాగా" అంది మా ఆవిడ. అప్పటికే హెల్మెట్ పెట్టుకుంది. జాకెట్ వేసుకుంది. గ్లోవ్స్ తొడుగుతోంది.

"ర్యాంపు దాకానేగా అక్కా, ఇవన్నీ ఎందుకు?"

"సగం ప్రమాదాలు ఇంటి ముందే జరుగుతాయని నువ్వేగా అంటావు!"

బావమరిది ముఖం వెలిగిపోయింది. "చూశావా బావా, అక్క దారిలోకి వచ్చింది!"

ట్రైక్‌కి రివర్స్ ఉంది. ర్యాంపుకి తిన్నగా రావాలంటే ముందు వెనక్కి పోవాలి. బావమరిది రెండు చేతులూ ఎత్తి విమానం దింపుతున్నట్టు మొదలుపెట్టాడు. "వెనక్కి... ఇంకా వెనక్కి పో అక్కా... పర్లేదు, ఊపుగా వస్తేనే ర్యాంపెక్కుతుంది... ఇంకా... ఇంకొంచెం..." ఆవిడ చెప్పినమాట వినే శిష్యురాలిలా వీధి మలుపు దాకా వెనక్కి పోయింది.

"చాలు! ఇక తిన్నగా ముందుకి రా!"

పెట్టె లోపలి నుంచి నాకు వీధి తలుపంత మేరే కనిపిస్తోంది. ఆ నలుచదరంలో మా ఆవిడ తిన్నగా వస్తోంది. పెద్దదవుతోంది. హెల్మెట్ అద్దం వెనక ముఖం కనిపించదు గానీ, ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న భుజాలు కదా, వాటిని చూసి అర్థమైపోయింది. ర్యాంపు అంచు దాకా వచ్చింది. ఒక్క చెయ్యి పైకెత్తింది. నలుచదరంలోంచి పక్కకి తప్పుకుంది. పెట్టె గోడ పక్కనుంచి ఇంజన్ చప్పుడు వెనక నుంచి ముందుకి సాగి, వీధి దాటి, దూరమైపోయింది.

"అక్కా! అక్కోయ్! ర్యాంపు ఇక్కడ!"

తర్వాత జరిగినదంతా భద్రత కోసమే జరిగింది. బావమరిది ఒక్క ఉదుటున ర్యాంపు ఎత్తి తలుపు మూశాడు. కొండీ వేశాడు. "ఒరేయ్" అన్నాను. కారు తలుపు పడిన చప్పుడు. "ఏమర్రా, అల్లుడుగారేరీ..." అని అత్తగారి గొంతు ఎక్కడో వినిపించింది. పెట్టె కదిలింది.

పాఠక మిత్రులారా, ఇప్పుడు నేను చెప్పేది ఇంతవరకు ఏ వాహన సమీక్షకుడూ చెప్పలేదు. పెట్టె లోపల ప్రయాణం ఎలా ఉంటుంది? అద్భుతంగా ఉంటుంది. కటిక చీకటి. పెట్రోలు వాసన. ఎవరూ పిలవరు. ఎవరూ కుడి అనరు, ఎడమ అనరు. ఇన్నేళ్ళుగా నేను వెతుకుతున్న ఏకాంతం ఇదే కాబోలనుకుంటూ ఉండగా జేబులో ఫోను మోగింది.

బావమరిది. నాకు నాలుగు మూరల ముందు కారు నడుపుతూ, స్పీకర్లో.

"బావా, ఎక్కడున్నావు?"

ఏం చెప్పను? "లోపల" అన్నాను.

"ఇంట్లోనే ఉండు. అక్క కొండదారి పట్టింది! నువ్వు ఫోన్ చేసి ఆగమని చెప్పు. నీ మాటైతే వింటుంది."

"చేస్తాను. నువ్వు మాత్రం నెమ్మదిగా పోనీ."

"నెమ్మదిగానే. పెట్టెలో బండుంది కదా."

"దానికేం కాదుగా?"

"చీమంత కూడా కదలదు బావా. నేను కట్టాను."

నిజమే. బండి కదల్లేదు. నాలుగు పట్టీలతో కట్టారు దాన్ని. నన్ను ఎవరూ కట్టలేదు. ఎడమ మలుపుకి కుడి గోడ మీదికి, కుడి మలుపుకి ఎడమ గోడ మీదికి వెళ్ళి వస్తున్నాను. ఎన్ని మలుపులున్నాయో వీపుతో తెలుసుకున్నాను.

గోడ మీద కొడితే కారు ఆపుతాడు. తలుపు తీస్తాడు. నా చేత ఫోన్ చేయిస్తాడు. నేను చేస్తే ఆవిడ నిజంగానే ఆగుతుంది. అదీ భయం. నేను కొట్టలేదు. ఫోనూ చేయలేదు. హెల్మెట్ పెట్టుకుని బండి నడిపే మనిషికి ఫోన్ చేయడం ఎంత ప్రమాదం! భద్రత ముఖ్యం కదా?

కాసేపటికి మళ్ళీ మోగింది.

"ఎత్తిందా?"

"ఎత్తడం లేదు. నీకు కనిపిస్తోందా?"

"ఆ... రెండు మలుపుల పైన ఉంది." గేరు మార్చిన చప్పుడు వినిపించింది. "బాగానే పోతోంది బావా."

"బాగా అంటే?"

"మలుపులో స్పీడు ముందే తగ్గిస్తోంది. గీత దాటడం లేదు." అతని గొంతు మారింది. రిపోర్టులో రాయడానికి ఏమీ దొరకని మనిషి గొంతది. "ఎప్పుడు నేర్చుకుందో!"

నుజ్జవని బండి ఒకటి కొండెక్కడం మా బావమరిది జీవితంలో మొదటిసారి కుదురుగా చూశాడు. నేను చూడలేదు. నేను ముందు చక్రం పట్టుకుని కూర్చున్నాను.

పైకి చేరాక పెట్టె ఆగింది. కారు తలుపు, తర్వాత బావమరిది గొంతు. "ఎంత టెన్షన్ పెట్టావక్కా! ముచ్చట తీరిందిగా, ఇక ఎక్కించేద్దాం." ర్యాంపు వాలింది. వెలుతురు కళ్ళలో పొడుచుకుంది.

"బావా! ఇంట్లో ఉన్నానన్నావు!"

"లోపల ఉన్నానన్నాను. ఇంట్లో అన్నది నువ్వు. నాలుగు గోడలు, పైకప్పు, ఇల్లు కాకపోతే ఏంట్రా ఇది?"

మా ఆవిడ ట్రైక్ మీదే కూర్చుని ఉంది. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుంది. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. జాకెట్ మీద చిన్న చిన్న పురుగులు. నన్ను చూసి పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని అడిగింది.

"మీరు కూడా వచ్చారా?"

"వచ్చాను."

"దారి చూశారా?"

"లేదు."

"అయ్యో!" అంది.

అంతే అంది. ఆ మాటలో ఎగతాళి లేదు. ఎగతాళి ఉంటే తట్టుకునేవాణ్ణి.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"చెప్తే ఏముంటుందండీ?" అంది. తర్వాత మెల్లగా, "దింపండి మీది. కలిసి దిగుదాం."

పట్టీల మీద చెయ్యి వేశాక గుర్తొచ్చింది. నా హెల్మెట్ ఇంట్లో ఉంది. బండి ఎక్కించడానికి వెళ్ళేవాడు హెల్మెట్ ఎందుకు తెచ్చుకుంటాడు?

కిందికి ఆవిడ ట్రైక్ మీద దిగింది. మేము వెనక కారులో. బావమరిది ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. ప్రతి మలుపులోనూ ఆవిడ భుజాలు వంగడం, మళ్ళీ నిటారు కావడం చూస్తూ కూర్చున్నాను. మా వెనక పెట్టెలో, పట్టీల మధ్య, నా బండి క్షేమంగా ఉంది. చీమంత కూడా కదల్లేదు.

ఆపరేషన్‌కి ముందు ఇంకొక్క ఆదివారం ఉంది.

కాబట్టి మిత్రులారా, నా మాట వినండి. ఇంకా పెట్టె లేనివాళ్ళు వెంటనే కొనుక్కోండి. ఉన్నవాళ్ళు వచ్చే ఆదివారం పొద్దున్నే మీ బళ్ళన్నీ లోపలికి ఎక్కించండి. బాగా బిగించండి. ఇంకోసారి బిగించండి. తలుపులు మూసి, టీ తాగుతూ ఇంటి ముందే కూర్చోండి. మధ్యాహ్నం దాకా కొండ వైపు రాకండి.

ఆ దారి సన్నది. ఆ పొద్దున దాని మీద రెండు బళ్ళు వెళ్ళబోతున్నాయి. వెనక వెళ్ళేవాడికి అలవాటు తప్పింది. వాడికి రోడ్డు ఖాళీగా కావాలి.